పునుగు అత్తరు, జవ్వాది పొడి: తిరుపతి కొట్లలో ఏది కొనాలి, ఏది ముట్టుకోకూడదు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పూజా సామగ్రి కొట్లకి వెళ్తే జవ్వాది అనే సుగంధపు పొడి డబ్బీలు, పునుగు అని రాసిన చిన్న చిన్న అత్తరు సీసాలు వరసగా పేర్చి ఉంటాయి. పునుగు అంటే పునుగు పిల్లి అనే అడవి జంతువు ఒంట్లో తయారయ్యే ఘాటైన సుగంధ ద్రవ్యం. కొండకి వచ్చినవాళ్ళు చాలామంది వాటిని చూస్తారు, కొనాలా వద్దా అని కాసేపు ఆగుతారు, చివరికి కుంకుమ, కర్పూరం మాత్రం తీసుకుని వెళ్ళిపోతారు. కొందరు గొంతు తగ్గించి "ఒరిజినల్ ఉందా?" అని అడుగుతారు. ఈ రివ్యూ ముఖ్యంగా ఆ అడిగేవాళ్ళ కోసం రాస్తున్నా.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. జవ్వాది పొడి బాగుంది, ధైర్యంగా కొనండి. పునుగు అత్తరు సింథటిక్ అని తెలిసి కొంటే పెట్టిన డబ్బుకి చాలా మంచి సరుకు. "పిల్లి నుంచి తీసింది, అసలైంది" అని ఎవరైనా చేతిలో పెడితే మాత్రం వెనక్కి ఇచ్చేయండి.

నేను కొన్న కొట్టు గుడికి దగ్గర్లో ఒక సందులో ఉంది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే సరుకు ఆ వీధుల్లో చాలా చోట్ల దొరుకుతుంది, నేను చెప్పేది సరుకు గురించే. ముందు రాగి చెంబులు, ఉద్ధరిణెలు, హారతి పళ్ళేలు, వెనక అరల్లో గంధం చెక్కలు, సాంబ్రాణి, వట్టివేళ్ళు. కూర్చున్నది ఒక పెద్దాయన. పునుగు కావాలి అన్నాను. ఆయన సీసా చేతికి ఇవ్వకముందే "ఇది పిల్లిది కాదు నాయనా, కంపెనీ సెంటు. పిల్లిది నా దగ్గర లేదు, బయట ఎవరన్నా ఇస్తామన్నా తీసుకోబాకు" అన్నాడు. మరి వాసన నిలబడుతుందా పెద్దాయనా అంటే, "కొంచెం పూసుకోని పో. సాయంత్రం దాకా ఉంటే అప్పుడొచ్చి కొనుక్కో" అని మణికట్టు మీద గాజు పుల్లతో ఒక చుక్క రాసి పంపించేశాడు. ఆ ఎండలో ఊరంతా తిరిగి సాయంత్రం మళ్ళీ వెళ్ళి కొన్నాను. వ్యాపారం చేసేవాడు ఇట్లా ఉండాలి. అడగకుండానే నిజం చెప్పడం అనేది ఈ సరుకు విషయంలో ఎంత పెద్ద మాటో తర్వాత చెప్తాను.

ముందు జవ్వాది. చిన్న ప్లాస్టిక్ డబ్బీలో లేత గోధుమ రంగు పొడి, మైదా కన్నా కొంచెం గరుకుగా ఉంటుంది. గంధం, పచ్చకర్పూరం, వట్టివేరు వాసనలు కలిసి వస్తాయి, వాటి కింద తియ్యగా, కొంచెం పొడిపొడిగా ఇంకో వాసన ఉంటుంది, చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో గంధం పూసేటప్పుడు వచ్చిన వాసన అని మా ఇంట్లో అందరూ గుర్తుపట్టారు. తమిళనాడు వైపు దీన్ని ఎక్కువగా వాడతారు, చిత్తూరు జిల్లా ఇళ్ళల్లో కూడా పాత తరం వాళ్ళకి బాగా తెలుసు. చిటికెడు తీసుకుని రెండు చుక్కల నీళ్ళతో రంగరించి చెవుల వెనక, మెడ మీద రాసుకుంటే సరిపోతుంది. విభూతిలో కలుపుకోవచ్చు. బీరువాలో పట్టుచీరల మధ్య ఒక చిన్న గుడ్డ మూటలో కట్టి పెట్టాను, చాలా రోజులు వాసన పోలేదు, చీరకి మరక కూడా కాలేదు. తెల్ల చొక్కా మీద నేరుగా చల్లితే మాత్రం చెమటకి పసుపు రంగు చార కనిపిస్తుంది, ఉతికితే పోతుంది కానీ ఆఫీసుకి వెళ్ళేరోజు ఆ ప్రయోగం వద్దు.

దీంట్లో జంతువుది ఏమీ లేదు. ఒకప్పుడు జవ్వాది అంటే పునుగు కలిపిన సుగంధమే, ఇప్పుడు డబ్బీల్లో వచ్చేది మూలికలు, గంధం, సువాసన నూనెలు కలిపిన పొడి. లేబుల్ మీద ఏం కలిపారో రాసి ఉన్న డబ్బీనే తీసుకోండి. రాయనివి కూడా అదే వరసలో ఉంటాయి, రంగు మరీ ముదురుగా, వాసన ముక్కుకి గుచ్చుకునేలా ఉంటాయి, అలాంటి ఒకదాన్ని తెరిచి చూపించమంటే పక్కనున్నావిడకి వెంటనే తుమ్ములు మొదలయ్యాయి. ఆస్తమా ఉన్నవాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో వాళ్ళు డబ్బీ మూత తీసి ఒక నిమిషం దూరంగా పట్టుకుని చూసి కొనండి.

ఇక పునుగు అత్తరు. మూడు మిల్లీలీటర్ల గాజు సీసా, మూతకి లోపల గాజు పుల్ల, లోపల తేనె రంగు నూనె. ధర ఒక సినిమా టికెట్టు అంత కూడా లేదు. మొదటి పది నిమిషాలు వాసన చాలామందికి నచ్చదు, ఉన్నదున్నట్టు చెప్తున్నా. ఘాటుగా, కొంచెం తోలు వాసనలా, కొంచెం జంతువు వాసనలా ఉంటుంది, మా అక్క అయితే "ఇదేం వాసనరా, కడుక్కో పో" అంది. అరగంట ఆగాలి. ఒంటి వేడికి ఘాటు తగ్గి మెత్తబడుతుంది, గంధంలాంటి తీపి పైకి వస్తుంది, ఇంకో రెండు గంటలకి చర్మం వాసనే సహజంగా అట్లా ఉందేమో అనిపించేంతగా కలిసిపోతుంది. అదే అక్క సాయంత్రం దగ్గరికొచ్చి కూర్చుని ఏం పూసుకున్నావని మళ్ళీ అడిగింది, పొద్దున తిట్టిన అత్తరే అంటే నమ్మలేదు.

ఒక చుక్కకి మించి రాసుకోవద్దు. ఇంగువ ముద్దని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎలా ఉంటుందో, అదే చిటికెడు పులుసులో పడితే ఎలా ఉంటుందో, పునుగు కూడా అంతే. చిక్కగా ఉంటే భరించలేం, పలచబడితేనే దాని అందం. అసలు పునుగులోనూ ఇదే గుణం, అప్పుడే తీసిన పునుగు లేత పసుపు రంగులో వెన్నలా ఉండి, గాలి తగిలేకొద్దీ ముదురు రంగుకి తిరుగుతుందని, దగ్గరగా వాసన చూస్తే మలం వాసన కొడుతుందని పెర్ఫ్యూమ్ వాళ్ళు చెప్తారు. అందులో స్కాటోల్ అనే పదార్థం ఉంటుంది, మలానికి ఆ వాసన తెచ్చేది కూడా అదే. కోట్ల విలువ చేసే పరిమళాల వ్యాపారం ఒకప్పుడు దీన్ని ఎందుకు వెతుక్కుంటూ తిరిగిందంటే రెండు కారణాలు: పలచన చేస్తే పువ్వుల వాసనకి లోతు ఇస్తుంది, మల్లె, గులాబీ లాంటి తొందరగా ఎగిరిపోయే వాసనలని పట్టి ఉంచుతుంది. రెండోది మన ఊళ్ళో మీరే చూడొచ్చు. ఉత్త మల్లె అత్తరు ఒక చేతికి, అదే మల్లె అత్తరుతో పాటు ఈ పునుగు చుక్క ఇంకో చేతికి రాసుకుని మధ్యాహ్నం దాకా ఆగండి, ఏ చేతికి వాసన మిగిలిందో మీకే తెలుస్తుంది.

నిలబడే విషయంలో నాకు పూర్తిగా నచ్చింది. చర్మం మీద పొద్దున నుంచి సాయంత్రం దాకా, దూది మీద వేసి దేవుడి గూట్లో పెడితే మర్నాటికి కూడా ఉంది. నచ్చనిది ఒకటే, సీసా మూత సరిగా బిగుసుకోదు, బ్యాగులో పడేస్తే కారుతుంది. బట్టలన్నీ అదే వాసన వస్తాయి, ఆ వాసన చిక్కగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో పైన చెప్పాను కదా. టేపు చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకెళ్ళండి.

ఇప్పుడు "ఒరిజినల్" సంగతి. బస్టాండు వైపు ఒకతను మాట కలిపి, జేబులోంచి చిన్న డబ్బా తీసి, అందులో గోధుమ రంగు జిడ్డు ముద్ద చూపించాడు. "కొండ మీద స్వామికి వాడేది ఇదే సార్, గ్రాముల్లెక్కన ఇస్తా" అన్నాడు. అతను చెప్పిన రేటుకి ఆ కొట్టులో అత్తరు సీసాలు ఒక అట్టపెట్టె వస్తాయి. నేను కొనలేదు. అది ఏమిటో కూడా తెలీదు, వెన్న అయ్యుండొచ్చు, మైనం అయ్యుండొచ్చు, వాజలీన్‌లో సెంటు కలిపింది అయ్యుండొచ్చు. పునుగులో వెన్న, కొవ్వు, వాజలీన్ కలిపి అమ్మడం ప్రపంచంలో ఈ వ్యాపారం ఉన్న ప్రతిచోటా ఉన్న మోసమే. నిజంగా పునుగే అయితే ఇంకా ఘోరం. పునుగు పిల్లి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్న జంతువు. దాన్ని పట్టడం, చంపడం, దాని నుంచి వచ్చినదాన్ని ఇట్లా చేతులు మార్చి అమ్మడం నేరం. కొన్నవాడు కూడా అందులో ఇరుక్కుంటాడు. ఆన్‌లైన్‌లో కూడా "వంద శాతం సహజం" అని పెద్ద అక్షరాలతో పెట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకీ ఇదే లెక్క. అబద్ధమైతే మీ డబ్బు పోతుంది, నిజమైతే ఒక జంతువు పోతుంది.

కొండ మీద స్వామికి వాడేది అన్న మాట వాడుకుని అమ్మడం నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది. తిరుమలలో శుక్రవారం తెల్లవారుజామున మూలవిరాట్టుకి అభిషేకం జరుగుతుంది, ఆ తర్వాత స్వామికి పునుగు తైలం పూస్తారు. ఈ పద్ధతి కొత్తది కాదు. పునుగుని నిప్పు మీద కరిగించి, వెండి పళ్ళేల్లో నింపి, స్వామి మేనంతా పట్టించడాన్ని 15వ శతాబ్దంలోనే అన్నమయ్య శుక్రవారం అభిషేకం మీద చెప్పిన కీర్తనలో వర్ణించాడు. దానికోసం తిరుపతిలో దేవస్థానం గోశాలలో పునుగు పిల్లులని పెంచడం ఊళ్ళో అందరికీ తెలిసిన విషయమే. బోనులో గంధపు కర్ర నిలబెడతారు, జంతువు తన అలవాటు ప్రకారం దానికి ఒళ్ళు రుద్దుకుంటుంది, కర్రకి అంటినదాన్ని తీసుకుంటారు. అదొక సేవ, దానికో పద్ధతి ఉంది. జేబులో డబ్బా పెట్టుకుని బస్టాండు దగ్గర తిరిగేవాడికి దానితో ఏ సంబంధమూ లేదు. ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

పునుగు పిల్లి అంటే చాలామందికి ఏ జంతువో కూడా తెలీదు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. పేరులో పిల్లి ఉంది కానీ ఇది పిల్లి జాతి కాదు, దీనిది వేరే కుటుంబం. శాస్త్రీయ నామం వివెరికులా ఇండికా. బరువు రెండు నుంచి నాలుగు కిలోలు, కోసుగా ఉన్న మూతి, బూడిద గోధుమ రంగు ఒళ్ళు, వీపు మీద పొడుగు చారలు, పక్కల వరసగా నల్ల చుక్కలు, తోకకి నల్ల తెల్ల ఉంగరాలు. రాత్రి పూట తిరుగుతుంది, ఎలకలు, పురుగులు, తొండలు, పళ్ళు తింటుంది. పొదలు, గడ్డి, వాగుల పక్కన, పల్లెలకి దగ్గరగా ఉంటుంది, అంటే శేషాచలం అడవిలోనే కాదు, మన చెరువు గట్ల మీద, మామిడి తోటల అంచుల్లో కూడా తిరిగేదే. కోళ్ళని ఎత్తుకుపోతుందని కొట్టి చంపేవాళ్ళు ఉన్నారు. అది తినే ఎలకల లెక్క చూస్తే రైతుకి అది చేసే మేలే ఎక్కువ.

ఇంకో తికమక కూడా ఉంది. చెట్లెక్కి, ఇంటి పైకప్పుల్లో దూరి, రాత్రిళ్ళు చప్పుడు చేసేది మానుపిల్లి, అది వేరే జంతువు. విదేశాల్లో కాఫీ పళ్ళు తినిపించి, మలంలో వచ్చిన గింజలతో ఖరీదైన కాఫీ చేసేది ఆ మానుపిల్లితోనే. పునుగు వచ్చేది దాని నుంచి కాదు. కొట్లో ఒక కుర్రాడు రెండింటినీ కలిపి కథ చెప్తుంటే విన్నాను, అందుకే రాస్తున్నా.

పునుగు అనేది ఆడ, మగ రెండిటికీ తోక కింద, మలద్వారానికి దగ్గర్లో ఉండే గ్రంథుల్లో తయారవుతుంది. ఇది నా జాగా అని తోటి జంతువులకి చెప్పడానికి రాళ్ళకి, మోడులకి దాన్ని రాసిపోతుంది. దానికి అది ఉత్తరం లాంటి పని. చాలామంది కస్తూరితో కలిపేస్తారు. కస్తూరి వచ్చేది హిమాలయాల వైపు ఉండే మగ కస్తూరి మృగం పొట్ట కింద తిత్తి నుంచి, దానికోసం ఆ జంతువుని చంపుతూ వచ్చారు. పునుగు కోసం చంపాల్సిన అవసరం లేదు కాబట్టి ఇందులో హింస లేదని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను.

ప్రపంచంలో పెర్ఫ్యూమ్ కంపెనీలకి పునుగు పంపిన ముఖ్యమైన దేశం ఇథియోపియా. అక్కడి జాతి వేరు, ఆఫ్రికా పునుగు పిల్లి, మనదానికన్నా చాలా పెద్దది. అడవిలో మగవాటిని పట్టి, తిరగడానికి కూడా వీలు కాని ఇరుకు కర్ర బోనుల్లో పెడతారు. వారం పది రోజులకోసారి కాళ్ళు తోక పట్టుకుని కదలకుండా చేసి, గ్రంథిని నొక్కి చెంచాలాంటి దానితో గీకి తీస్తారు. అలా పోగుచేసింది ఎద్దు కొమ్ముల్లో నింపి ఎగుమతి చేసేవాళ్ళు. పుట్టుక అడవిలో, చావు ఆ బోనులో. 1990ల్లో జంతు సంక్షేమ సంఘాలు ఈ బోనుల సంగతి బయటపెట్టాకే కొన్నవాళ్ళకి ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది. రాత్రంతా మైళ్ళు తిరిగే జంతువుని అలా పెట్టడం చంపడం కన్నా తక్కువ పాపం అని నేను అనుకోను.

ఆ బాధ ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు, నాకు ఈ అత్తరు మీద ఇంత ఇష్టం రావడానికి అదే కారణం. పునుగు వాసనకి మూలమైన పదార్థం పేరు సివెటోన్. దాని నిర్మాణాన్ని 1926లో లియోపోల్డ్ రుజిచ్కా అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. పదిహేడు కార్బన్ పరమాణువులు ఉంగరంలా చుట్టుకుని ఉంటాయి. అంత పెద్ద ఉంగరం నిలబడదు, విరిగిపోతుంది అని అప్పటిదాకా శాస్త్రవేత్తల నమ్మకం. రాత్రిపూట పొదల్లో తిరిగే జంతువు దాన్ని ఎప్పటినుంచో తయారు చేస్తూనే ఉంది. కస్తూరిలో ఉండే మస్కోన్‌ది కూడా ఇలాంటి ఉంగరమే, పదిహేను కార్బన్లది. రుజిచ్కాకి 1939లో నోబెల్ బహుమతి వచ్చింది, ఈ పెద్ద ఉంగరాల మీద పని కూడా అందులో భాగం. నిర్మాణం తెలిసింది కాబట్టే ఫ్యాక్టరీలో తయారు చేయడం కుదిరింది. దానికన్నా ముందు 1888లోనే ఆల్బర్ట్ బౌర్ అనే ఆయన పేలుడు పదార్థాల మీద పనిచేస్తూ కస్తూరి వాసన వచ్చే ఒక పదార్థాన్ని తయారు చేశాడు, కానీ అది వాసనలో పోలిక ఉన్న వేరే పదార్థం. సివెటోన్ అలా కాదు, జంతువులో ఉన్నదీ ఫ్యాక్టరీలో వచ్చేదీ ఒకే అణువు.

షానెల్ నెంబర్ ఫైవ్ పెర్ఫ్యూమ్ పేరు వినని వాళ్ళుండరు. 1921లో వచ్చినప్పుడు అందులో సహజ సివెట్, అంటే జంతువు నుంచి తీసిన పునుగు, ఉండేది. 1998 నుంచి దాని బదులు కృత్రిమమైనది వాడుతున్నామని ఆ కంపెనీయే చెప్పింది. ప్రపంచంలోనే పేరున్న పెర్ఫ్యూమ్‌కి సింథటిక్ సరిపోయినప్పుడు, మన ఇంట్లో శుక్రవారం పూజకి, పెళ్ళిలో గంధానికి సరిపోదా? సింథటిక్ అంటే నకిలీ అని మన మనసులో ఒక ముద్ర పడిపోయింది. అమ్మేవాడు సింథటిక్ అని చెప్పి అమ్మితే అందులో నకిలీ ఏమీ లేదు. సింథటిక్‌ని పిల్లిది అని చెప్పి అమ్మితేనే నకిలీ. ఆ పెద్దాయన మొదటి మాటకి నేను అంత విలువ ఇచ్చింది ఇందుకే. ఆయన "ఒరిజినలే" అని రెండింతలు రేటు చెప్పినా కొనేవాళ్ళు ఆ వీధిలో రోజూ దొరుకుతారు.

కానీ వాసనలో తేడా ఉండదా అని అడుగుతారు. ఉంటుంది. సహజ పునుగులో సివెటోన్ ఒక్కటే కాదు, ఇంకా ఎన్నో పదార్థాలు కలిసి ఉంటాయి, మూడు మిల్లీలీటర్ల చవక సీసాలో అవన్నీ రావు. ఈ అత్తరులో గంధం పాలు ఎక్కువ, చివర్లో కొంచెం సబ్బు వాసన లాంటిది తగులుతుంది, ఇంకొంచెం డబ్బు పెట్టే వీలుంటే అదే కొట్లో పెద్ద సీసాల నుంచి కొలిచి ఇచ్చే రకం తీసుకోండి, అందులో ఆ సబ్బు వాసన లేదు. నేను రెండూ వాడుతున్నా, రోజువారీకి చిన్నది, పండగకి పెద్దది.

మొక్కల నుంచి వచ్చిందే కావాలి, ఫ్యాక్టరీది వద్దు అనేవాళ్ళకి ఒక మంచి దారి ఉంది, ఇది కొట్లో చాలామంది చెప్పరు. మూలికలు అమ్మే కొట్టుకి వెళ్ళి కస్తూరి బెండ గింజలు అడగండి, లతాకస్తూరి అని కూడా అంటారు. బెండ జాతి మొక్కే, గింజలు చిన్నగా, మూత్రపిండం ఆకారంలో, సన్నని గీతలతో ఉంటాయి. వాటిలో అంబ్రెటోలైడ్ అనే పదార్థం ఉంటుంది, అది కూడా పెద్ద ఉంగరం నిర్మాణమే, అందుకే గింజ నలిపితే కస్తూరి వాసన వస్తుంది. పెర్ఫ్యూమ్ కంపెనీలు ఈ గింజల నుంచి తీసిన నూనెకి చాలా డబ్బు పెడతాయి. నేను గింజలని మెత్తగా నూరి, సాన మీద తీసిన గంధంలో కలిపి చూశాను. పునుగు అత్తరంత గట్టిగా ఉండదు, ఎండలో రెండు మూడు గంటలకి తగ్గిపోతుంది, కానీ చాలా శుభ్రమైన, మెత్తని వాసన, పొద్దున పూజకి ఇంతకన్నా బాగున్నది నాకు దొరకలేదు. మా అమ్మకి అత్తరు రాస్తే మెడ దగ్గర దురద వస్తుంది, ఈ గంధానికి రాలేదు. చర్మం సున్నితంగా ఉన్నవాళ్ళు ఏదైనా సరే ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూసుకోండి, అత్తరు రాసిన చోట నేరుగా ఎండ తగలనివ్వకండి.

ఇంట్లో విగ్రహానికి పూసేవాళ్ళకి ఒక మాట. వెండి, రాగి విగ్రహాల మీద అత్తరు నూనె జిడ్డు కట్టి దుమ్ము పట్టేస్తుంది. గంధంలో ఒక చుక్క కలిపి బొట్టులా పెట్టండి చాలు. జవ్వాది అయితే అభిషేకం నీళ్ళలో చిటికెడు వేయొచ్చు, కానీ ఆ నీళ్ళు తీర్థంగా తాగకండి, మొక్కలకి పోసేయండి. పచ్చకర్పూరం, ఏలకులు వేసిన తీర్థం వేరే గిన్నెలో పెట్టుకోవాలి.

కొనేటప్పుడు ఏం అడగాలంటే, "ఒరిజినలా?" అని అస్సలు అడగకండి. ఆ ప్రశ్న విన్న వెంటనే కొందరు వ్యాపారుల మాట మారిపోతుంది, లోపలి నుంచి ఇంకో డబ్బా వస్తుంది. "ఇది దేంతో చేశారు?" అని అడగండి. సూటిగా చెప్తే కొనండి, నసిగితే పక్క కొట్టుకి వెళ్ళండి, పది అడుగుల్లో ఇంకోటి ఉంటుంది. సీసాని వెలుతురికి పెట్టి చూస్తే అడుగున మడ్డి లేకుండా ఉండాలి. చేతి మీద రాయించుకుని వెంటనే నిర్ణయం తీసుకోకుండా ఒక గంట తిరిగి రండి, దర్శనానికి వెళ్ళొచ్చాక కొన్నా సరే. బ్రహ్మోత్సవాలప్పుడు రద్దీలో ఎవరూ చుక్క రాసి పంపించరు, రేటు కూడా పెంచుతారు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం పూట వెళ్తే తీరిగ్గా చూపిస్తారు.

సీసాని ఎండ తగలని చోట, గాజులోనే ఉంచండి, ప్లాస్టిక్ సీసాలోకి మార్చితే కొన్నాళ్ళకి వాసన మారిపోతుంది. జవ్వాది డబ్బీలోకి తడి చెయ్యి పెట్టకండి, గడ్డ కట్టి బూజు పడుతుంది, పొడి చెంచా ఒకటి అందులోనే ఉంచేయండి. చిన్న డబ్బీ మా ఇంట్లో నలుగురికి నెలల తరబడి వస్తోంది కాబట్టి పెద్దది కొనాల్సిన పని లేదు. అయిపోయాక జవ్వాది, కస్తూరి బెండ గింజలు మళ్ళీ కొంటాను. అత్తరు మాత్రం ఈసారి కొలిచి ఇచ్చే రకమే, మూత గట్టిగా ఉన్న సీసా ఇంటి నుంచే పట్టుకెళ్ళి పోయించుకుంటాను.